చివరి తలుపు

జూన్ 3

మరదలు పిల్లకి,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా డ్యూటీకి వెళ్తున్నానంటావు, డ్యూటీలో ఫోను లాకర్లో పెట్టాలంటావు. పోయినసారి దొరికిన కాసేపూ మనిద్దరం అరుచుకుంటే మీ అన్నయ్య బాల్కనీలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. తిరిగొచ్చి, "మీ ఇద్దరికీ ఉత్తరాలే మేలు, కాగితానికి గొంతుండదు" అన్నాడు. ఆయన నోటినుంచి తెలివైన మాట రావడం అరుదు కాబట్టి దీన్ని వదులుకోదలచుకోలేదు.

అసలు సంగతికి వస్తాను. మీ కొత్త రైలు లైనును జనానికి తెరిచేముందు ఎక్కడెక్కడ ప్రమాదం పొంచి ఉందో చూసి చెప్పే పని మా కంపెనీకి వచ్చింది, అది నా నెత్తిన పడింది. నా ఆడపడుచు అదే లైనులో డ్రైవరు అని మొదటిరోజే రాసిచ్చాను. "ఫరవాలేదమ్మా, మంచిదే" అని ప్రాజెక్టు డైరెక్టరు నవ్వాడు. ఆ నవ్వు అప్పుడే నాకు నచ్చలేదు.

నా బాధంతా మీ వంపు స్టేషనుతో. అక్కడ ప్లాట్‌ఫాం విల్లులా వంగి ఉంటుంది కదా, డ్రైవరు సీట్లో కూర్చుంటే వెనక పెట్టెల తలుపులు కనిపించవు. అందుకే మొదటి ప్లానులో ప్లాట్‌ఫాం పొడుగునా స్తంభాలు, వాటికి కెమెరాలు, డ్రైవరు ముందు ఒక తెర ఉన్నాయి. ఇప్పటి ప్లానులో లేవు. ఏమయ్యాయని అడిగితే, ఆ స్టేషను పైకప్పు గీసినాయన, స్తంభాలు పెడితే కప్పు అందం చెడుతుందన్నాడట. ప్రారంభోత్సవం ఫొటోల్లో ఆ కప్పు బాగా పడాలట. స్తంభాల బదులు ఒక వాక్యం చేర్చారు: "డ్రైవరు దిగి, వెనక తలుపులు చూసుకొని బయలుదేరవలెను."

మా వృత్తిలో ఇది పాత జబ్బే. ఏ లోపం దిద్దడానికి ఒళ్లు బరువనిపించినా చివర్లో "డ్రైవరు జాగ్రత్తగా ఉండవలెను" అని రాసి చేతులు దులుపుకుంటారు. ఆ డ్రైవరు ఎవరో వాళ్లకి తెలియదు. నాకు తెలుసు. మా ఇంట్లో స్టూలు మీద కుర్చీ వేసి, ఆ కుర్చీ ఎక్కి, అటక మీంచి సూట్‌కేసు దించిన మనిషి.

కాబట్టి దాచకుండా రాయి. అక్కడ మీరు నిజంగా దిగుతున్నారా? దిగితే టైము చాలుతోందా?

మీ అన్నయ్య కులాసాగానే ఉన్నాడు. పొయ్యి పక్కన గోడకి నేను అంటించిన "ఆపావా?" అన్న కాగితం పీకేశాడు. మళ్లీ అంటించాను.

నీ వదిన


జూన్ 11

వదినగారి దివ్యసముఖానికి,

ఉత్తరం అందింది. కవరుకి టేపు, ఆ టేపు ఊడకుండా ఇంకో టేపు. విప్పబోతే కత్తెర వేలికి గీసుకుంది. దీన్ని కూడా నీ ప్రమాదాల్లో కలుపుకో.

దిగడమా! ఆ వాక్యం రాసిన మహానుభావుడు ఒక్కసారైనా ఈ సీట్లో కూర్చున్నాడా? ఆ స్టేషన్లో బండి ఆగే సమయం, దిగి చివరి తలుపు కనిపించేదాకా నడవడానికే చాలదు. మళ్లీ రావాలి, కూర్చోవాలి, తలుపులు సరిగ్గా మూసుకుంటే వెలిగే పచ్చదీపం చూసుకోవాలి, అప్పుడు కదలాలి. అలా చేస్తే వెనక బండి వచ్చి మా వీపు గోకుతుంది.

మేము దిగం. కొంగ కొడతాం. అంటే ఏమిటో చెప్తాను, ఆశ్చర్యపోకు. పక్క కిటికీ అద్దం పూర్తిగా దించేస్తాం. ఒక కాలు సీటు కింద ఇనుప కమ్మీకి మెలేసి, నడుము దాకా బయటికి వాలి, మెడ సాచి వెనక్కి చూస్తాం. అచ్చం చేప కోసం కాచుకున్న కొంగలా ఉంటుందని ఆ పేరు. మాలో 'పొడుగు' అని ఒకడున్నాడు, వాడు కనిపెట్టాడు. ఇప్పుడు అందరం అదే. మాలోకెల్లా పొట్టిపిల్ల ఒకతి ఉంది, 'పిచ్చుక' అంటాం, అది భోజనం సంచి మీద నిలబడి మరీ కొంగ కొడుతుంది. చూసి తీరాలి. అలా వాలితే చివరి తలుపు దాదాపు కనిపిస్తుంది.

అందరిలోకీ నేనే నంబర్ వన్. మా ఇన్‌స్ట్రక్టరు, పొగడ్త అంటే పన్ను పీకించుకున్నట్టు బాధపడే మనిషి, నా డ్రైవింగు చూసి "ఊఁ" అన్నాడు. ప్రారంభం రోజు జనంతో వెళ్లే మొదటి బండి నాకే ఇస్తారని గట్టి పుకారు. ఎవరికీ చెప్పకు. అన్నయ్యకి చెప్పు.

మేము చూసుకుంటాం వదినా. నువ్వు నిశ్చింతగా పొయ్యి ఆపావో లేదో చూసుకో.

కొంగలరాణి


జూన్ 19

కొంగమ్మకి,

నీ ఉత్తరం మొదటిసారి చదివి నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు. మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే "అబ్బ, నా చెల్లెలు!" అని మురిసిపోయాడు. మీ ఇంట్లో ఎవరికీ భయం అనేది పెట్టి పుట్టించలేదు.

నడుము దాకా బయటికి వాలినప్పుడు నీ చెయ్యి బండి కదిపే పిడి మీద ఉంటుందా, కిటికీ అంచు మీద ఉంటుందా? పిడి మీద ఉంటే బండి కదులుతుంది. ప్లాట్‌ఫాం అయిపోయేచోట ఇనుప గేటుంది, దానికీ నీ కిటికీకీ మధ్య సందు నేను కొలిపించాను. అందులో తల పట్టదు. ఎవరి తలో కాదు, నీ తల గురించే చెప్తున్నాను.

నిన్న మీటింగు. ప్రాజెక్టు డైరెక్టరుని అందరూ 'పెద్దాయన' అంటారు. కెమెరాలు కావలసిందేనని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే ఆయన ఎంత మెత్తగా అన్నాడనుకున్నావు: "ట్రయల్ బండ్లు ఇన్నాళ్లుగా తిరుగుతున్నాయి. డ్రైవర్ల నుంచి ఒక్క రిపోర్టు వచ్చిందా అమ్మా? ఇబ్బందుంటే వాళ్లే చెప్తారు కదా. లేని దయ్యాన్ని మీరెందుకు పిలుస్తారు?" పైకప్పాయన తల ఊపాడు. సమాధానం నా చేతిసంచిలోనే ఉంది, నీ రాతలో. నిన్నడగకుండా తీయకూడదని ఊరుకున్నాను.

ఇక్కడున్న తిరకాసు నీకు అర్థమవుతోందా? మీరు అక్కడ ఎంత ఒడుపుగా నెట్టుకొస్తే ఇక్కడ నా నోరు అంత గట్టిగా మూతపడుతోంది. మీరు బాగా చేస్తున్నారు కాబట్టి అసలు కష్టమే లేదని లెక్క. నాకు ఒళ్లు మండిపోతోంది, ఎవరి మీద మండాలో కూడా తెలియడం లేదు.

ఒక్క రిపోర్టు రాయి. "వంపు స్టేషన్లో సీట్లోంచి చివరి తలుపు నాకు కనిపించడం లేదు." ఒక్క వాక్యం చాలు. మిగతా యుద్ధం నేను చేస్తాను.

ఆశతో,
వదిన


జూన్ 28

వదినా,

ఈసారి వేళాకోళం లేదు. నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

"నాకు కనిపించడం లేదు" అని నేను రాయాలా? ఆ మాట ఇక్కడ ఎలా చదువుతారో తెలుసా నీకు? పోయిన నెల ఒకతను బ్రేకు ఆలస్యంగా పడుతోందని రిపోర్టు రాశాడు. బ్రేకు ఎవరూ చూడలేదు, అతని కళ్లు పరీక్ష చేయించారు. తర్వాత 'మళ్లీ శిక్షణ' అని కొత్తగా చేరినవాళ్ల పక్కన క్లాసులో కూర్చోబెట్టారు. ఇప్పటికీ అతన్ని 'కళ్లజోడు' అనే పిలుస్తారు. పాపం, అతనికి కళ్లజోడే లేదు.

అతను మగాడు కాబట్టి పేరుతో పోయింది. మేము బ్యాచి మొత్తానికి ముగ్గురు ఆడవాళ్లం. చేరిన రోజు యూనిఫాం ఇస్తూ స్టోర్సులో మనిషి, "చిన్న సైజులు తెప్పించలేదమ్మా, మీరు ఎన్నాళ్లుంటారో ఏమో" అన్నాడు. ఇప్పుడు నేను వెళ్లి నాకు కనిపించడం లేదంటే, చూశారా, చెప్పలేదా అంటారు. నాతో పాటు మిగతా ఇద్దరూ పోతారు.

మొదటి బండి జాబితా బోర్డు మీద పెట్టారు. నా పేరు పైనుంది. మీ పెళ్లిలో అందరూ ఏడుస్తుంటే కూడా ఏడవని దాన్ని, ఆ కాగితం చూసి బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. దాన్ని నేను పోగొట్టుకోలేను. నువ్వు నన్ను చెల్లెలిగా అడుగుతున్నావో, సాక్షిగా అడుగుతున్నావో కూడా నాకు తెలియడం లేదు.

నేను నీకు రాసింది ఇంటి మనిషికి రాసింది. ఇంట్లోనే ఉండనీ.

మరదలు


జూలై 7

బంగారుకొండకి,

సాధించాం! ముందు ఆ మాట రాసి తర్వాత ఊపిరి పీల్చుకుంటున్నాను.

నిన్న మీటింగులో పెద్దాయన మళ్లీ అదే పాట ఎత్తుకున్నాడు. డ్రైవర్లకి లేని నొప్పి మీకెందుకన్నాడు. పైకప్పాయన అద్దంలా మెరిసే కాగితం మీద ఆ కప్పు బొమ్మ తెచ్చి బల్ల మీద పరిచాడు. అందులో రైలు లేదు, జనం లేరు, ఆకాశంలో రెండు పక్షులున్నాయి. ఆ పక్షుల్ని చూసేసరికి నాకు ఓపిక తెగిపోయింది. "మీ డ్రైవర్లు కిటికీలోంచి నడుము దాకా వేలాడి చూస్తున్నారు. దానికి పేరు కూడా పెట్టుకున్నారు, కొంగ కొట్టడం అంటారు. రేపు ఆ ఇనుప గేటు తగిలి ఒక కొంగ చచ్చిపోతే మీ కప్పు కింద ఫొటో తీయించుకోండి" అని గట్టిగా అరిచేశాను.

నీ పేరు చెప్పలేదు. ఒట్టు. పెద్దాయన మొహం మాడిపోయింది. "ఇది చాలా తీవ్రమైన విషయం, వారం తిరక్కుండా సరిదిద్దాలి" అన్నాడు. అదే మాట దగ్గర కూర్చుని రాయించాను. ఇన్నాళ్లకి నా మాట ఒకటి గోడకి తగలకుండా మనిషికి తగిలింది.

కెమెరాలు వస్తాయి. నువ్వు మొదటి బండి హాయిగా సీట్లో కూర్చుని నడుపుతావు. నేను చివరి పెట్టెలో ఎక్కుతాను. మీ అన్నయ్యకి ఇస్త్రీ చొక్కా తొడిగి లాక్కొస్తాను.

కోపం పోయిందా? నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. ఇప్పుడు సయిస్తోంది.

నీ వదిన


జూలై 14

వదినకి,

సరిదిద్దారు. వచ్చి చూసుకో.

ప్రతి బండికీ పక్క కిటికీ మీద అడ్డంగా ఇనుప కమ్మీ బిగించారు. అద్దం ఇప్పుడు అరచెయ్యి వెడల్పు దిగుతుంది. తల కాదు కదా, మోచెయ్యి కూడా బయటికి రాదు. కెమెరా లేదు, స్తంభం లేదు, బండి ఆగే సమయం ఒక్క క్షణం పెరగలేదు. నోటీసు బోర్డు మీద అచ్చేసి అంటించారు: "కొంగ పద్ధతి నిషేధించడమైనది." పెద్ద అక్షరాలతో, కింద ముద్రతో.

కొంగ అన్న మాట మా టీ బల్ల దాటి ఎప్పుడూ వెళ్లలేదు వదినా. ఆ మాట నోటీసులోకి ఎలా ఎక్కిందో కనుక్కోవడానికి ఎవరికీ ఎక్కువసేపు పట్టలేదు. ఆఫీసులో వదిన ఉన్నది నాకొక్కదానికే. నేను టీకి వెళ్తే కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. ఆ కమ్మీకి 'వదినగారి కమ్మీ' అని పేరు పెట్టారు. పొడుగు నా ఎదురుగానే అన్నాడు. పిచ్చుక ఒక్కతే వచ్చి పక్కన కూర్చుంది, అదీ మాట్లాడకుండా.

ఇప్పుడు ఏం చేస్తున్నామో తెలుసా? ఏమీ చేయడం లేదు. పచ్చదీపం వెలిగితే దేవుడి మీద భారం వేసి కదులుతున్నాం. మొన్నటి దాకా చివరి తలుపు దాదాపు కనిపించేది. ఇప్పుడు అసలే కనిపించదు. అభినందనలు.

ఇది కవరులో పెడుతుంటే నీ జూలై 7 ఉత్తరం వచ్చింది. "సాధించాం" అట! నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాను. ఇంట్లో ఉండనీ అని రాశాను, నువ్వు మైకు పెట్టి చెప్పావు. పైగా నా కోసమేనంటావు. నీ మీటింగులో నీ మాట నెగ్గడం కోసమని నేననుకుంటున్నాను.

ఇంక రాయకు. నేను బాగున్నానని అన్నయ్యకి చెప్పు.


జూలై 22

నువ్వు విప్పవని తెలిసే రాస్తున్నాను. విప్పేటట్టయితే కష్టపడతావని టేపు కూడా వేయలేదు.

కమ్మీ సంగతి నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. నమ్మితే నమ్ము. మర్నాడే పెద్దాయన గదికి వెళ్లాను. ఆయన ఎంతో సంతోషంగా ఉన్నాడు. "మీరు ప్రమాదం చూపించారు, మేము తీసేశాం, ఇక సంతకం పెట్టండి" అన్నాడు. కిటికీలోంచి వాలడం ప్రమాదం, కిటికీ మూసేశాం, ప్రమాదం పోయింది. ఎందుకు వాలుతున్నారో ఎవరికీ అక్కర్లేదు. మనిషి దగ్గుతున్నాడని నోటికి గుడ్డ కట్టి జబ్బు నయమైందంటే ఎలా ఉంటుంది? అదే మాట ఆయనతో అన్నాను. "చూడండమ్మా, అసలు మీరు చెప్పిందే ఇంటి కబురు. మీ ఆడపడుచు మాటల్ని సాక్ష్యం అంటే ఎలా?" అన్నాడు. మొదటిరోజు నవ్విన నవ్వు ఇదే. దాచిపెట్టుకుని ఇప్పుడు తీశాడు.

సంతకం పెట్టలేదు. మా కంపెనీ నన్ను ఈ పనిలోంచి తప్పించి ఒక షాపింగు సెంటరు లిఫ్టుల మీద వేసింది. సంతకం పెట్టే చెయ్యి కోసం వెతుకుతున్నారు, దొరక్కపోదు.

నువ్వన్నది నిజమే. నెగ్గాలన్న ఉడుకు నాకుంది. ఆ ఉడుకులో నిన్నడగకుండా నీ మాట వాడేశాను. తప్పు. మీ అన్నయ్య నా వైపు మాట్లాడతాడని కొంచెం ఆశపడ్డాను. ఆయన పేపరు చదువుతున్నట్టు నటించాడు, తలకిందులుగా పట్టుకుని.

రిపోర్టు రాయమని ఇంకెప్పుడూ అడగను. ఒక్కటే అడుగుతాను. వాళ్లు రాసిన ఆ దిక్కుమాలిన వాక్యం ఉందే, "డ్రైవరు దిగి, చూసుకొని" అని, దాన్ని అక్షరాలా చెయ్యి. ఆలస్యమైతే కానీ. చేతకాదనుకుంటే అనుకోనీ. నువ్వు చూసుకోకపోతే చచ్చేది లోకం కాదు, ఎవరో ఒక మనిషి. తర్వాత జీవితాంతం నిద్రపట్టనిది నీకు.

వదిన


ఆగస్టు 4

మీ అన్నయ్య నిన్న నీతో ఫోన్లో మాట్లాడాడట. ఏమందని అడిగాను. "అక్కడ వాన పడుతోందట" అన్నాడు. ఇంకేమందని అడిగాను. "బాగా పడుతోందట" అన్నాడు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ కలిసి నాకు పిచ్చి పట్టిస్తారు.

కోపంగా ఉన్నా సరే, ఒక్క ముక్క రాయి. తిట్టు. తిట్టయినా సరే.

వదిన


ఆగస్టు 16

వదినా,

తిట్టడానికి కాదు, చెప్పడానికి రాస్తున్నాను. అన్నయ్యకి చెబితే మళ్లీ వాన అంటాడు.

నిన్న పెద్దవాళ్ల బండి. ప్రారంభానికి ముందు లైనంతా చూపించడానికి పెద్దాయన, పైకప్పాయన, ఫొటోలు తీసేవాళ్లు, వాళ్ల చుట్టాలు, అందరినీ ఎక్కించారు. నడపమని నాకే ఇచ్చారు. ఇన్‌స్ట్రక్టరు నా వెనక నిలబడ్డాడు. ఇది బాగా నడిపితే మొదటి బండి ఖాయమని అందరికీ తెలుసు.

నీ జూలై 22 ఉత్తరం విప్పాను. విప్పిన రోజు చింపాను. తర్వాత అతికించాను, టేపుతోనే.

వంపు స్టేషన్లో ఆపాను. దిగాను. వెనక ఇన్‌స్ట్రక్టరు "ఏయ్, టైము!" అన్నాడు, వినలేదు. చివరి తలుపు కనిపించేదాకా నడిచాను. ఫొటోలవాళ్లు దిగి పైకప్పుని తీసుకుంటున్నారు. అందరూ ఎక్కాక చూసి, వెనక్కి వచ్చి, కూర్చుని తలుపులు మూశాను. పచ్చదీపం వెలిగింది. ఇక కదలాలి.

అప్పుడు తెలిసింది. నేను చూసింది ఇందాకటి తలుపుని. నడిచొచ్చి కూర్చునేసరికి ఆ తలుపు మళ్లీ కనిపించదు. ఈ లోపల ఎవరు దిగారో, ఎవరు ఎక్కబోయారో నాకేం తెలుసు? వాళ్ల వాక్యం అక్షరాలా చేసినా కుదరదు. పిడి మీద చెయ్యి వేసి కూర్చున్నాను. చెయ్యి ముందుకు పోలేదు.

మళ్లీ దిగాను. ఈసారి పరిగెత్తాను. ఫొటోలాయన ఒకడు ఆఖరి నిమిషంలో మళ్లీ దిగాడట, ఇంకో ఫొటో కోసం. సంచి లోపల, పట్టీ భుజానికి తగిలించుకుని ఆయన బయట. మధ్యలో తలుపు మూసుకుంది. పట్టీ సన్నటిది, అందుకే తలుపుకి తెలియలేదు, దీపం వెలిగింది. ఆయన నవ్వుతున్నాడు వదినా. పట్టీ లాక్కుంటూ, "ఇరుక్కుందమ్మా, ఒక్క నిమిషం" అని నవ్వుతున్నాడు. నేను కదిపి ఉంటే ఆయన్ని ఆ ఇనుప గేటు దాకా ఈడ్చుకెళ్లేదాన్ని, సీట్లో కూర్చుని, పచ్చదీపం చూసుకుంటూ.

తలుపు తీయించాను. నడుచుకుంటూ వచ్చాను. మైకు తీసుకున్నాను. బండిలో వాళ్లకీ, కంట్రోల్ రూముకీ, మిగతా డ్రైవర్లకీ, అందరికీ వినిపించేది. ఇలా అన్నాను: "ఈ స్టేషన్లో చివరి తలుపు నాకు కనిపించడం లేదు. కనిపించే ఏర్పాటు లేకుండా నేను బండి కదపను."

ఏ మాట అనలేక నీతో యుద్ధం చేశానో, ఆ మాటే. అందరూ విన్నారు.

పెద్దాయన క్యాబిన్ దాకా వచ్చి చేయాల్సిన అల్లరంతా చేశాడు. నేను సీట్లోంచి లేవలేదు. చివరికి ఇన్‌స్ట్రక్టరు వెనక తలుపు దగ్గర నిలబడి చూసి, వాకీటాకీలో "సరే" అంటే కదిపాను. సాయంత్రానికి మొదటి బండి జాబితాలో నా పేరు కొట్టేశారు. రేపటి నుంచి 'మళ్లీ శిక్షణ'. కళ్ల పరీక్ష కూడానట.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మే నెలలో కొంగ కొడుతూ పిచ్చుక జారింది. బండి కదిలాక. కిటికీ అంచు పట్టుకుని వేలాడితే భుజం మెలిపడింది. బాత్రూములో పడ్డానని చెప్పింది, మేమందరం అదే చెప్పాం. అప్పుడే నీకు రాసి ఉండాల్సింది. రాయకపోగా, భోజనం సంచి అంటూ జోకు రాశాను.

మొదటి బండి పోయింది వదినా. ఇది రాస్తుంటే కూడా కుళాయి తిప్పే ఉంది.

మరదలు


సెప్టెంబరు 2

నా తల్లికి,

ఉత్తరం చదివి నేనెంత ఏడ్చానో రాయను, మీ అన్నయ్య ఎంత ఏడ్చాడో రాస్తాను. పొయ్యి దగ్గర నిలబడి, నా "ఆపావా?" కాగితం వైపు చూస్తూ, ఉల్లిపాయలు తరక్కుండానే ఏడ్చాడు. తర్వాత "దాన్ని వెళ్లి తీసుకొచ్చేద్దాం" అన్నాడు. "అదేమన్నా సూట్‌కేసా దించడానికి?" అన్నాను.

నేను ఆ ప్రాజెక్టులో లేను కాబట్టి నాకు కబుర్లు దొంగదారినే వస్తాయి. అక్కడి టైపిస్టు చెప్పింది. నువ్వు మైకులో మాట్లాడిన మర్నాడు పొద్దున పెద్దాయన బల్ల మీద ఒక రిపోర్టు ఉందట, పిచ్చుకది. భుజం సంగతితో సహా. మధ్యాహ్నానికి పొడుగుది. తర్వాత కళ్లజోడుది. వారం తిరిగేసరికి అందరివీ. అన్నిటిలో ఒకే వాక్యం: "నాకూ కనిపించడం లేదు." అంతమంది కళ్లు పరీక్ష చేయించడం కుదరదు కదా.

నిర్ణయం ఏమిటో విను, ఏడవాలో నవ్వాలో నువ్వే తేల్చుకో. లైను అనుకున్న రోజే తెరుస్తారు. వంపు స్టేషన్లో మాత్రం కెమెరాలు వచ్చేదాకా బండి ఆగదు. ఆ కప్పు కింద నుంచి సర్రున పోతుంది. పైకప్పాయన కోరుకున్నట్టే, బొమ్మలోలాగా రైలు ఆగదు, జనం ఉండరు. ఇన్నాళ్లూ కుదరని స్తంభాలకి ఇప్పుడు జాగా దొరికిందట.

ఇందులో నీకేం మిగిలిందని నాకు కడుపు రగిలిపోతోంది. మాట నీది, ఆ ఫొటోలాయన ప్రాణం నిలబెట్టింది నువ్వు. మొదటి బండి ఇంకెవరికో. నా సంతకం లేకుండా ఇంకెవరో సంతకం పెడతారు, అందరూ కలిసి రిబ్బను కత్తిరిస్తారు. న్యాయం అంటే ఇలా సగం సగం ఉడికినట్టుగానే వస్తుందేమో, నాకు మింగుడు పడడం లేదు.

ఆ స్టేషన్లో నువ్వు బండి ఆపిన రోజు నేను వచ్చి చివరి తలుపు దగ్గర నిలబడతాను. ఎప్పుడని చెప్పను. కనిపిస్తానో లేదో చూద్దాం.

నీ వదిన


డిసెంబరు 9

వదినా,

మొదటి బండి పొడుగు నడిపాడు. పేపర్లో ఫొటో వేశారు, వాడి పళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. చూసి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు వాడే నా దగ్గరికొచ్చి, ఇక ముందు ఏ మంచి పని జరిగినా 'వదినగారిది' అనాలని టీ బల్ల దగ్గర తీర్మానించామన్నాడు. వాడి తలకాయ.

నా కళ్లు దివ్యంగా ఉన్నాయని డాక్టరు రాసిచ్చాడు. శిక్షణ నుంచి వదిలారు. పోయిన వారం వంపు స్టేషన్లో కెమెరాలు పెట్టారు. స్తంభాలు సన్నగానే ఉన్నాయి, కప్పుకి ఏ దోషమూ తగల్లేదు. కిటికీ కమ్మీలు మాత్రం తీయలేదు. తీయమని రాస్తే, తీయడానికి వేరే అనుమతి కావాలట.

నిన్న మధ్యాహ్నం మొదటిసారి అక్కడ బండి ఆపాను. సీట్లోంచి లేవలేదు. ఎదురుగా తెర మీద తలుపులన్నీ వరసగా. చివరి తలుపు దగ్గర ఒకావిడ. పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. ఆవిడ వింటే కదా.

నేనెందుకు కిందికి దిగి రాలేదని కోపం తెచ్చుకోకు. దిగకూడదు. ఇప్పుడు ఆ అవసరం లేదు.

నా జీవితంలో సొంతంగా రాసిన మొదటి రిపోర్టు నిన్న రాత్రే ఇచ్చాను. నకలు నీకు పంపుతున్నాను, భద్రపరుచుకో:

"వంపు స్టేషను. చివరి తలుపు వద్ద ఒక మధ్యవయస్సు మహిళ పసుపు గీత దాటి నిలబడి, గొడుగు ఊపుచున్నది. హెచ్చరించవలెను. సీటు నుండి స్పష్టముగా కనిపించినది."

నీ మరదలు